బీరువా తాళం ఎవరి చేతిలో ఉంది?

బిహార్‌లోని సుపౌల్ జిల్లాలో 2024 జూలై 31న ఒక ప్రైవేటు బడిలో తుపాకీ పేలింది. పేల్చింది ఐదేళ్ల పిల్లవాడు. పుస్తకాల సంచిలో పిస్టల్ పెట్టుకుని వచ్చి, మూడో తరగతి చదివే పదేళ్ల బాలుడిపై కాల్చాడు. గుండు చేతికి తగిలింది కాబట్టి ఆ బాలుడు బతికాడు. మర్నాడు పత్రికలన్నీ బడి యాజమాన్యాన్ని నిలదీశాయి. సంచులు ఎందుకు తనిఖీ చేయలేదని అడిగాయి. నర్సరీ పిల్లల సంచులు రోజూ తనిఖీ చేసే బడి ప్రపంచంలో ఎక్కడుంటుంది? అడగవలసిన ప్రశ్న వేరే ఉంది. ఆ పిస్టల్ ఆ ఇంట్లో అంతకుముందు రాత్రి ఎక్కడుంది? ఐదేళ్ల పిల్లవాడి చేతికి అందే ఎత్తులో, లోపల గుళ్లతో సహా ఎందుకుంది?

ఇలాంటివి మన దేశంలో రోజూ జరగవు. కానీ జరిగిన ప్రతిసారీ కథ ఒకే దారిలో నడుస్తుంది. 2007 డిసెంబరులో గుడ్‌గావ్‌లో ఎనిమిదో తరగతి పిల్లలిద్దరు తోటి విద్యార్థిని కాల్చి చంపారు. ఆ పిస్టల్ వాళ్లలో ఒకడి తండ్రిది. 2018 జనవరిలో హరియాణాలోని యమునానగర్‌లో పన్నెండో తరగతి విద్యార్థి తన ప్రిన్సిపాల్‌ను కాల్చి చంపాడు. అది తండ్రి లైసెన్సు రివాల్వర్. 2022 జూన్‌లో లక్నోలో పదహారేళ్ల కుర్రవాడు కన్నతల్లినే కాల్చి చంపాడు. మొబైల్ ఆట గురించి మొదలైన గొడవ అని పోలీసులు చెప్పారు. పత్రికలు ఆ ఆట పేరునే పతాక శీర్షికకెక్కించాయి. తండ్రి సైన్యంలో జేసీవో, ఉద్యోగరీత్యా బెంగాల్‌లో ఉన్నాడు. ఆయన లైసెన్సు పిస్టల్ మాత్రం లక్నోలో ఇంట్లో ఉంది. మొబైల్ ఆటలు ఆడే పిల్లలు ఈ దేశంలో కోట్లమంది ఉన్నారు. వాళ్లలో తుపాకీ చేతికందేది కొద్దిమందికే. తేడా అక్కడుంది.

ఈ చివరి సంఘటన నన్ను మిగతావాటికంటే ఎక్కువగా కలచివేసింది. ఆ తండ్రి మాలాంటివాడు. ఆయుధం అంటే ఏమిటో ఇరవై ఏళ్లు వచ్చేసరికే నేర్చుకున్నవాడు.

ఖడక్వాస్లాలోని నేషనల్ డిఫెన్స్ అకాడమీలో నేను చేరినప్పుడు మొదట మా చేతికి రైఫిల్ ఇచ్చారు గానీ గుళ్లు ఇవ్వలేదు. వారాల తరబడి దాన్ని మోయడం, తుడవడం, విప్పి మళ్లీ బిగించడమే పని. రైఫిల్ నంబరు నిద్రలో అడిగినా చెప్పాలి. కింద పడేస్తే దాన్ని తలమీద ఎత్తి పట్టుకుని మైదానం చుట్టూ పరుగెత్తాలి. ఈ తతంగమంతా కుర్రాళ్లను అలసగొట్టడానికే అనుకునేవాళ్లం. అసలు సంగతి రేంజికి వెళ్లాక తెలిసింది. అక్కడ మా ఉస్తాద్ ఎవరినీ నమ్మేవాడు కాదు. కాల్చడం అయిపోగానే ‘ఖాలీ కర్’ అనేవాడు. మ్యాగజైన్ తీసి, బోల్టు వెనక్కి లాగి, ఛాంబరు తెరిచి చూపించాలి. ఆయన వంగి లోపలికి చూసేవాడు. అవసరమైతే వేలు పెట్టి తడిమేవాడు. ఆ తర్వాత పేలిన గుళ్ల ఖాళీ తొడుగులు లెక్కపెట్టాలి. సైన్యంలో వాటిని ఖోకాలంటారు. ఎన్ని గుళ్లు ఇచ్చారో అన్ని ఖోకాలు తిరిగి రావాలి. ఒక్కటి తగ్గినా ఎవరూ అక్కడినుంచి కదలకూడదు. చీకటి పడినా టార్చిలైట్లు పట్టుకుని గడ్డిలో వెతకాల్సిందే. మమ్మల్ని చూడడానికి వచ్చిన బ్రిగేడియర్ కూడా పది గుళ్లు కాల్చాక తన రైఫిల్ ఛాంబరు తెరిచి ఆ హవల్దార్‌కు చూపించేవాడు.

సైన్యంలో ఆయుధం పట్ల గౌరవం అంటే ఇదే. దండం పెట్టడం కాదు, అనుమానించడం. ఖాళీ అని ఎవరు చెప్పినా, కళ్లతో చూసేదాకా ప్రతి తుపాకీలోనూ గుండు ఉన్నట్టే లెక్క. పిస్టల్ ప్రమాదాల్లో తరచుగా జరిగేది ఒకటుంది. మనిషి మ్యాగజైన్ తీసేసి, ఖాళీ అయిందనుకుంటాడు. అప్పటికే ఒక గుండు మ్యాగజైన్ నుంచి ఛాంబరులోకి ఎక్కి కూర్చుని ఉంటుంది. ట్రిగ్గర్ నొక్కి చూస్తాడు. పాతికేళ్ల సర్వీసున్నవాళ్లకే ఇది జరుగుతుంది. ఇంట్లో టీవీ చూస్తూ పిస్టల్ తుడిచే గృహస్థుకు జరగదని ఎలా అనగలం? అతని పక్కన కూర్చుని ‘నాన్నా, ఒక్కసారి నేను పట్టుకుంటా’ అని అడిగే ఏడేళ్ల పిల్ల సంగతేమిటి?

ఇంకో విషయం. సైనికుడి రైఫిల్ అతని దగ్గర ఉండదు. కోత్‌లో ఉంటుంది. కోత్ అంటే యూనిట్ ఆయుధాగారం. దానికి తాళాలు, పహరా, రిజిస్టరు, సంతకం. లైన్లలో ఉండే జవాను తన సొంత లైసెన్సు తుపాకీ తెచ్చుకున్నా అదీ కోత్‌లోకే పోతుంది. అంత శిక్షణ పొందినవాడినే సైన్యం నమ్మదు, నమ్మకపోవడం అవమానమని ఎవరూ అనుకోరు. అదే మనిషి పదవీ విరమణ చేసి ఇంటికొచ్చాక ఏమవుతుంది? బ్యాంకు గార్డుగానో ఏటీఎం వ్యాను వెంటో చేరతాడు. డబుల్ బ్యారెల్ పన్నెండు బోరు తుపాకీ కొనుక్కుంటాడు. రెండు గదుల ఇల్లు. తుపాకీ తలుపు మూలన, తూటాల బెల్టు మేకుకు వేలాడుతూ ఉంటాయి. ప్రకాశం జిల్లా నుంచి శ్రీకాకుళం దాకా, పశ్చిమగోదావరి జిల్లాలో ఇంటికొక సైనికుడున్న మాధవరం దాకా ఇలాంటి మాజీ సైనికులు మనకు తక్కువేమీ కాదు. వాళ్లలో ఎక్కువమంది జాగ్రత్తపరులే. అయితే కోత్‌లో అలవాటైన క్రమశిక్షణను ఇంటికి తెచ్చుకోవాలంటే ఇంట్లో కూడా ఒక కోత్ ఉండాలి. చిన్నదైనా సరే, గోడకు బిగించిన ఇనుప పెట్టె ఒకటి.

పిల్లలకు తుపాకీ గురించి నేర్పాలా వద్దా అన్న చర్చ వచ్చినప్పుడల్లా మనవాళ్లు రెండు వర్గాలుగా చీలిపోతారు. ఒక వర్గం, అసలు ఆ మాటే ఎత్తవద్దంటుంది. రెండో వర్గం, చిన్నప్పుడే నేర్పితే భయభక్తులు వస్తాయంటుంది. నేను చాలాకాలం రెండో వర్గం వైపే మొగ్గు చూపాను, ఇప్పటికీ కొంతవరకు అటే ఉన్నాను. అయితే 2001లో అమెరికాలోని అట్లాంటాలో వైద్యులు చేసిన ఒక పరిశీలన ఈ నమ్మకానికి హద్దు గీస్తుంది. ఎనిమిది నుంచి పన్నెండేళ్ల మగపిల్లలు 64 మందిని చిన్న జట్లుగా ఒక గదిలో కూర్చోబెట్టారు. సొరుగులో నిజమైన పిస్టల్ దాచారు. గుళ్లు లేవు గానీ ట్రిగ్గర్ గట్టిగా నొక్కితే తెలిసే ఏర్పాటు ఉంది. 48 మంది పిల్లలకు పిస్టల్ కనిపించింది. 30 మంది చేతిలోకి తీసుకున్నారు. 16 మంది ట్రిగ్గర్ నొక్కారు. కనిపించినవాళ్లలో దాదాపు సగం మంది అది బొమ్మ అనుకున్నారు, లేదా బొమ్మో నిజమో తేల్చుకోలేకపోయారు. ముఖ్యమైన సంగతి ఇంకా ఉంది. పట్టుకున్న, నొక్కిన పిల్లల్లో 90 శాతానికి పైగా అంతకుముందు తుపాకీ జాగ్రత్తల గురించి ఎంతో కొంత పాఠం విన్నవాళ్లే.

2006లో అచ్చయిన మరో అధ్యయనం తల్లిదండ్రుల ధీమాను పరీక్షించింది. తుపాకీ ఎక్కడ పెట్టామో మా పిల్లలకు తెలియదని చెప్పిన తల్లిదండ్రుల్లో 39 శాతం మంది మాటను, విడిగా అడిగినప్పుడు వాళ్ల పిల్లలే కాదన్నారు. మా పిల్లలు దాన్ని ఎన్నడూ ముట్టలేదని చెప్పినవాళ్లలో 22 శాతం మంది పిల్లలు, ముట్టామని ఒప్పుకున్నారు. అమెరికా సంగతి మనకెందుకంటారా? మీ ఇంట్లో అమ్మమ్మ దాచిన జంతికల డబ్బా ఎక్కడుందో తెలియని మనవడు ఎవరైనా ఉన్నాడేమో ఆలోచించండి. అటక మీద సూట్‌కేసు, బీరువాలో పట్టుచీరల మడతలు, పరుపు కింద, పూజగది పైఅర. మనం దాచే చోట్లు తరతరాలుగా ఇవే. తాళం చెవి ఫ్రిజ్ మీదో, దేవుడి పటం వెనకో ఉంటుంది.

కాబట్టి పాఠం తాళానికి బదులు కాదు. అలాగని తాళం ఒక్కటే చాలదు. ఈ రెండో ముక్కకు బెల్‌గ్రేడ్ సాక్ష్యం. 2023 మే 3న సెర్బియా రాజధానిలో పదమూడేళ్ల బాలుడు తన బడిలోనే కాల్పులు జరిపాడు. పది మంది చనిపోయారు, వారిలో తొమ్మిది మంది పిల్లలు. తుపాకులు తండ్రివి, లైసెన్సు ఉన్నవి, సేఫ్‌లో ఉన్నవి. ఆ సేఫ్ కోడ్ పిల్లవాడికి తెలుసని పోలీసులు ప్రకటించారు. తండ్రి అతన్ని షూటింగ్ రేంజికి తీసుకెళ్లేవాడని కూడా తేలింది. దానికి ఏడాదిన్నర ముందు, 2021 నవంబరు 30న, అమెరికాలోని మిచిగన్ రాష్ట్రంలో పదిహేనేళ్ల కుర్రవాడు నలుగురు తోటి విద్యార్థులను చంపాడు. నాలుగు రోజుల ముందే తండ్రి ఆ పిస్టల్ కొన్నాడు. మర్నాడు తల్లి కొడుకును రేంజికి తీసుకెళ్లి కాల్పించింది. 2024 ఏప్రిల్‌లో ఆ తల్లిదండ్రులిద్దరికీ పది నుంచి పదిహేనేళ్ల జైలుశిక్ష పడింది. బడిలో పిల్లలు జరిపిన సామూహిక కాల్పులకు తల్లిదండ్రులను ఇలా శిక్షించడం ఆ దేశంలో అదే మొదలు. ఈ రెండు ఇళ్లలోనూ పిల్లలకు కాల్చడం నేర్పారు. గురి నేర్పారు. పిల్లవాడి మనసులో ఏం జరుగుతోందో మాత్రం చూసుకోలేదు. మిచిగన్ కుర్రవాడు కాల్పులు జరిపిన రోజు ఉదయమే బడివాళ్లు తల్లిదండ్రులను పిలిపించి, అతను గీసిన బొమ్మలు చూపించారు. ఇంటికి తీసుకెళ్లమని అడిగారు. వాళ్లు తీసుకెళ్లలేదు. ఇంట్లో పిస్టల్ ఉందనీ చెప్పలేదు.

టెక్సాస్‌లోనో జార్జియాలోనో ఉన్న మన తెలుగు కుటుంబాలకు ఇది దూరపు వార్త కాదు. అమెరికాలో 2020 నుంచి పిల్లలు, కౌమార వయసువారి మరణాలకు మొదటి కారణం తుపాకులే. రోడ్డు ప్రమాదాలు రెండో స్థానానికి వెళ్లాయి. పిల్లవాణ్ణి స్నేహితుడి ఇంటికి ఆడుకోవడానికి పంపేటప్పుడు వేరుశనగ పడదని చెబుతాం, కుక్క ఉందా అని అడుగుతాం. తుపాకీ ఉందా, తాళం వేసి ఉందా అని అడగడానికి మొహమాటపడతాం. అక్కడి పిల్లల వైద్యులు ఎన్నో ఏళ్లుగా ఈ ప్రశ్న అడగమని తల్లిదండ్రులకు చెబుతున్నారు. అడిగితే తప్పుపట్టే ఇంటికి పిల్లవాణ్ణి పంపకపోవడమే మేలు.

ఆయుధం చుట్టూ పిల్లలు పెరిగే సంప్రదాయం మన దేశంలోనూ ఉంది. దాన్ని దగ్గరగా చూడాలంటే కొడగు వెళ్లాలి. జనరల్ కరియప్ప, జనరల్ తిమ్మయ్యలను ఇచ్చిన నేల అది. కొడవలకు తుపాకీ లైసెన్సు నుంచి మినహాయింపు బ్రిటిషు కాలం నుంచీ ఉంది. 2019లో కేంద్రం దాన్ని మరో పదేళ్లు, 2029 దాకా పొడిగించింది. దాన్ని సవాలు చేసిన కేసులో కర్ణాటక హైకోర్టు 2021లో మినహాయింపును సమర్థించింది. అక్కడ మగబిడ్డ పుడితే ఆకాశంలోకి ఒక గుండు పేలుస్తారు. మనిషి పోతే రెండు. ఆ చప్పుడు విని ఊరు కదిలివస్తుంది. సెప్టెంబరు మొదట్లో కైల్‌పొళ్దు పండుగనాడు ఇంట్లోని తుపాకులు, కత్తులు తుడిచి పూజలో పెడతారు. తుపాకీ గొట్టంలో తోకుపూవు గుచ్చుతారు. మనం అడవినాభి అనే పూవే అది. తోకు అంటే తుపాకీ. పూజ, భోజనం అయ్యాక మగవాళ్లూ ఆడవాళ్లూ చెట్టుకు కట్టిన కొబ్బరికాయను గురిపెట్టి కొట్టే పోటీ.

నా సహచరుడొకరి ఇంట్లో ఒకసారి ఈ పండుగ చూశాను. తుపాకీ తుడవడానికి పిల్లలకు గుడ్డ ఇచ్చారు. నూనె రాయనిచ్చారు, పూవు పెట్టనిచ్చారు. కానీ వాళ్ల చేతికి వచ్చేముందు ఆ ఇంటి పెద్ద దాన్ని తెరిచి, వెలుతురుకు ఎత్తి, గొట్టంలోంచి ఇటునుంచి అటు కనబడేలా ప్రతి పిల్లకీ చూపించాడు. ఒక పిల్లవాడు సరదాగా దాన్ని చెల్లెలి వైపు తిప్పాడు. ఎవరూ కేకలు వేయలేదు, చెయ్యి చేసుకోలేదు. పెద్దాయన తుపాకీ తీసుకుని గోడకు ఆనించి, వాణ్ణి పక్కకు పంపేశాడు. ఆ రోజంతా వాడికి ఆయుధం ముట్టే భాగ్యం లేదు. పండుగపూట అంతకంటే శిక్ష లేదని వాడి మొహం చూస్తేనే తెలిసింది. కొడగులో ప్రమాదాలే జరగవని నేను అనను, వేటలో పొరపాట్లు అక్కడా జరుగుతాయి. కాకపోతే అక్కడ తుపాకీ పిల్లవాడికి రహస్యమూ కాదు, ఆటవస్తువూ కాదు. ఇంటిపెద్ద ఎలా పట్టుకుంటాడో చూస్తూ పెరుగుతాడు.

ఉత్తరాది పెళ్లి ఊరేగింపుల్లో పిల్లలు చూస్తూ పెరిగేది మరొకటి. 2016 చివరినాటికి దేశంలో సుమారు 33.69 లక్షల ఆయుధ లైసెన్సులుంటే, వాటిలో 12.77 లక్షలు ఒక్క ఉత్తరప్రదేశ్‌లోనే ఉన్నాయని హోంశాఖ లెక్క. అక్కడ చాలాచోట్ల తుపాకీ రక్షణకంటే హోదాకు గుర్తు. బరాత్‌లో మేనమామ గాల్లోకి కాలుస్తాడు. భుజం మీది పిల్లవాడు చప్పట్లు కొడతాడు. ఎవరో వాడి చేతిలోనూ తుపాకీ పెట్టి ఫొటో తీస్తారు. పైకి పోయిన గుండు ఎక్కడో ఒకచోట దిగుతుంది. 2016 డిసెంబరులో పంజాబ్‌లోని బఠిండా జిల్లాలో పెళ్లి వేదిక మీద నాట్యం చేస్తున్న యువతి ఇలాంటి కాల్పులకే బలైంది. 2019 సవరణతో వేడుకల్లో కాల్పులకు రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా వచ్చాయి. ఒక వ్యక్తి ఉంచుకోగల తుపాకులు మూడు నుంచి రెండుకు తగ్గాయి. 2022 నవంబరులో పంజాబ్ ప్రభుత్వం ఆయుధాల బహిరంగ ప్రదర్శనను, వాటిని కీర్తించే పాటలను నిషేధించింది. ఆ ఊపులో పోలీసులు ఒక పదేళ్ల పిల్లవాడి మీద కూడా కేసు పెట్టారు. తుపాకీ పట్టుకున్న అతని పాత ఫొటో సామాజిక మాధ్యమాల్లో ఉందన్నది ఆరోపణ. అది బొమ్మ తుపాకీ అని కుటుంబం చెప్పింది. తర్వాత కేసు వెనక్కి తీసుకున్నారు. ఫొటో తీసి పెట్టిన పెద్దవాళ్లను వదిలి ఫొటోలోని పిల్లవాడి మీదికి వెళ్లడం మన వ్యవస్థకే చెల్లింది.

తెలుగు రాష్ట్రాల్లో బరాత్ కాల్పులు లేవు కదా అని నిశ్చింతగా ఉండలేం. ఏజెన్సీలో అడవిపందుల కోసం నాటు తుపాకులున్నాయి. గొట్టంలో మందు కూరి, బరువైన గుళ్లు నింపి, గుడిసె చూరులో దోపి ఉంచుతారు. వాటికి తాళం సంగతి అటుంచి, సేఫ్టీ క్యాచ్ అనేదే ఉండదు. పంటచేల గట్ల మీద పందుల కోసం పెట్టే నాటు బాంబులు తినే వస్తువులా కనిపిస్తాయి. పశువుల నోళ్లు పగిలిన తర్వాతగానీ వాటి గురించి మాట్లాడుకోము. ఇక నాయకుల ఇళ్లు. గన్‌మన్ హాల్లో కూర్చుని ఉంటాడు, కార్బైన్ సోఫాకు ఆనించి ఉంటుంది. నాయకుడి మనవడు వచ్చి ‘అంకుల్, ఇది నిజందేనా’ అని దాన్ని నిమురుతాడు. యజమాని ఇంటి పిల్లవాణ్ణి కసరడానికి కానిస్టేబులుకు నోరు రాదు. అక్కడ కసరవలసింది తాతగారే.

సరిహద్దు ప్రాంతాల్లో పిల్లలకు ఆయుధం ఇంట్లో కాదు, ఆటస్థలంలో ఎదురవుతుంది. కశ్మీర్‌లోని బడ్గామ్ జిల్లాలో తోసామైదాన్ అనే విశాలమైన పచ్చికబయలుంది. 1964 నుంచి 2014 దాకా ఫిరంగుల శిక్షణకు వాడారు. పేలకుండా మిగిలిన గుండ్లు మట్టిలో ఉండిపోయాయి. మంచు కరిగినప్పుడు పైకి తేలేవి. గొర్రెల కాపరి పిల్లలు ఆడుకోవడానికి తీసుకుని ప్రాణాలు, కాళ్లూ చేతులూ పోగొట్టుకున్నారు. 2014లో లీజు పొడిగించలేదు. సైన్యం ఆ నేలను గాలించి శుభ్రం చేసింది. ఇక్కడ తల్లిదండ్రులది తప్పనలేం, ఇది రాజ్యం బాధ్యత. అయితే దేశంలో ఇప్పటికీ నడుస్తున్న ఫైరింగ్ రేంజిల చుట్టుపక్కల ఊళ్లలో ఇత్తడి, రాగి కోసం పిల్లలను తుక్కు ఏరడానికి పంపేవాళ్లున్నారు. గుర్తు తెలియని లోహపు ముక్క కనిపిస్తే ముట్టుకోకుండా దూరం జరిగి పెద్దవాళ్లకు చెప్పాలన్న పాఠం అక్కడి బడుల్లో మొదటి తరగతి నుంచే ఉండాలి.

అదే పాఠం ప్రతి ఇంటికీ పనికొస్తుంది. నాలుగైదేళ్ల పిల్లలకు అంతకుమించి అక్కర్లేదు: తుపాకీ లాంటిది కనిపిస్తే ముట్టుకోకు, అక్కడినుంచి వచ్చెయ్, పెద్దవాళ్లకు చెప్పు. చెప్పినందుకు తిట్లు పడవన్న ధైర్యం వాడికుండాలి. పదేళ్లు దాటినవాళ్లకు వివరం చెప్పవచ్చు. సినిమాలో హీరో ఒక్క చేత్తో కాల్చి గొట్టం మీద పొగ ఊదుతాడు గానీ, గుండు తగిలిన మనిషి ఎలా ఉంటాడో చూపించడు. ఆ సంగతి నిజాయితీగా చెప్పగలిగితే మంచిది. దీపావళి రీళ్ల తుపాకీని నిషేధించమని నేను చెప్పను. మేమంతా వాటితోనే ఆడుకున్నాం. కానీ బొమ్మనైనా మనిషి మొహానికి గురిపెట్టనివ్వకపోవడం తల్లిదండ్రుల చేతిలో పని. చెయ్యి ఏ వయసులో ఏ అలవాటు నేర్చుకుంటే దాన్ని వదలదు.

ఎయిర్‌గన్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. 0.177 అంగుళాల బోరు, 20 జౌళ్ల లోపు శక్తి ఉన్న ఎయిర్ రైఫిల్‌కు మన దేశంలో లైసెన్సు అక్కర్లేదు. అందువల్ల దాన్ని బొమ్మ అనుకుని పుట్టినరోజు కానుకగా కొనిస్తున్నారు. ఆ చిన్న సీసపు గుండు పిట్టను చంపుతుంది, దగ్గరినుంచి తగిలితే కన్ను పోతుంది. అదే ఎయిర్ రైఫిల్ అభినవ్ బింద్రాకు 2008 బీజింగ్‌లో స్వర్ణం తెచ్చింది. మన హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్‌కు 2012 లండన్‌లో కాంస్యం తెచ్చింది. ఎయిర్ పిస్టల్‌తో మొదలుపెట్టిన హైదరాబాద్ అమ్మాయి ఇషా సింగ్ ఆసియా క్రీడల పతకాలు గెలిచింది. మీ పిల్లకు నిజంగా ఆసక్తి ఉంటే మేడమీద డబ్బాలు పెట్టి కొట్టనివ్వకండి, రేంజికి తీసుకెళ్లండి. అక్కడ కోచ్ మొదట నేర్పేది గురి కాదు. కాల్చనప్పుడు ఛాంబరులో నారింజరంగు సేఫ్టీ ఫ్లాగ్ గుచ్చి ఉంచడం నేర్పుతాడు. ఫ్లాగ్ కనిపిస్తే ఆయుధం ఖాళీ అని అందరికీ తెలుస్తుంది. అంతర్జాతీయ పోటీల్లోనూ ఇది నియమం.

ఇక చట్టం. ఆయుధ చట్టం 1959 ప్రకారం 21 ఏళ్లు నిండనివారు ఆయుధం కలిగి ఉండకూడదు. శిక్షణకు, క్రీడకు పర్యవేక్షణతో మినహాయింపు ఉంది. 2016 ఆయుధ నియమావళి భద్రతా శిక్షణ కోర్సును తెచ్చింది, ఆయుధాన్ని సురక్షితంగా ఉంచుతానని దరఖాస్తుదారు రాసివ్వాలంది. కాగితం మీద బాగుంది. ఆ హామీ ఇచ్చిన ఇంట్లో పెట్టె ఉందో లేదో రెన్యువల్‌కు ముందు వెళ్లి చూసే ఎస్సై ఎంతమంది? పిల్లల చేతికి అందేలా ఆయుధం వదిలేయడాన్నే నేరంగా చెప్పే ప్రత్యేక సెక్షన్ మన ఆయుధ చట్టంలో లేదు. ప్రాణం పోయాక భారతీయ న్యాయ సంహిత 106 కింద నిర్లక్ష్యపు మరణమని కేసు పెట్టవచ్చు, ఐదేళ్ల దాకా శిక్ష పడవచ్చు. తుపాకులకు స్వర్గమని పేరుపడ్డ అమెరికాలోనే ఫ్లోరిడా 1989లో పిల్లలకు ఆయుధం అందనిచ్చే యజమానిని శిక్షించే చట్టం చేసింది. తర్వాత చాలా రాష్ట్రాలు అదే బాట పట్టాయి. మనం కూడా ప్రాణం పోయేదాకా ఆగకుండా, అందేలా వదిలేయడాన్నే నేరం చేయాలి. లైసెన్సు ఇచ్చేటప్పుడు ఇంట్లో మైనర్లు ఎంతమంది ఉన్నారో రాయించుకోవాలి. భద్రతా కోర్సుకు లైసెన్సుదారుతోపాటు భార్యనో భర్తనో కూడా పిలవాలి. లక్నోలాంటి ఇళ్లలో ఆయుధంతో మిగిలిపోయేది వాళ్లే.

చట్టం వచ్చేలోగా చేసుకోగలిగినవి కొన్నున్నాయి. తుపాకీ ఒకచోట, గుళ్లు వేరొక తాళం కింద. తాళం చెవి ఒంటిమీదే, సేఫ్‌కు కోడ్ ఉంటే అది పెళ్లిరోజో పిల్లవాడి పుట్టినరోజో కాకూడదు. ఆయుధపూజకు బయటికి తీసినప్పుడు పసుపు కుంకుమలకు ముందు ఛాంబరు తెరిచి పిల్లల ఎదుటే చూడాలి. మాజీ సైనికులకు ఇది ఒకరు చెప్పనక్కర్లేదు, ఇంట్లో కూడా ‘ఖాలీ కర్’ అనుకుంటే చాలు.

చాలామందికి తెలియని వెసులుబాటు మరొకటుంది. లైసెన్సు తుపాకీని పోలీసు స్టేషన్‌లోగానీ, లైసెన్సు ఉన్న ఆయుధ డీలరు వద్దగానీ రసీదు తీసుకుని డిపాజిట్ చేయవచ్చు. ఎన్నికలప్పుడు అందరూ చేసేదే. దూర ప్రాంతానికి బదిలీ అయిన జవాను, విదేశంలో కొడుకు దగ్గరికి ఆరు నెలలకు వెళ్లే రైతు ఇలా చేయవచ్చు. పదో తరగతో ఇంటరో చదివే పిల్లవాడు కొన్నాళ్లుగా అన్నం సరిగా తినడం లేదు, గదిలోంచి బయటికి రావడం లేదు, పరీక్ష పోయిందని ముభావంగా ఉన్నాడు అనిపిస్తే, వాడితో మాట్లాడాలి, డాక్టరుకు చూపించాలి. కానీ ఈ రెండింటికీ ముందు, ఆ రోజే, తుపాకీని ఇంట్లోంచి పంపేయాలి. కుర్రతనపు నిస్పృహ చాలాసార్లు కొద్ది గంటల్లోనో, కొద్ది రోజుల్లోనో తగ్గుముఖం పడుతుంది. ఆ కాస్త సమయంలో చేతికి ఏది అందుతుందన్నదే ప్రాణాన్ని నిర్ణయిస్తుంది. స్టేషన్‌లో కారణం చెప్పడానికి సిగ్గుపడనక్కర్లేదు. ఊరెళ్తున్నామని చెప్పినా రసీదు ఇస్తారు.